నొప్పి లేని రోజే ఎక్కువ అలిసిపోయాను

కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో నేను పోయింది పరుగులో. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఆత్మకూరులో తెల్లవారుజామున పరిగెత్తేటప్పుడు అంతకంటే బాగా ముందే ముగించేవాణ్ణి. అసలు రోజున సగం దాటాక తొడలు బరువెక్కాయి. ఆయాసం ఎప్పుడూ ఉండేంతే ఉంది, కాళ్లు మాత్రం మాట వినలేదు. ఆ వారంలో పరుగు తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇచ్చానని అనుకున్నాను. జిమ్‌లో బరువైన స్క్వాట్లు మాత్రం మానలేదు. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేకపోతే అలుపు లేనట్టేనని నమ్మాను. ఆ నమ్మకం వల్ల ఒక నోటిఫికేషన్ పోగొట్టుకున్నాను. మరో తప్పు ఇంతకంటే పెద్దది, ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చింది. దాని దగ్గరికి వస్తాను.

మాది పడమటి నెల్లూరు మెట్ట. సోమశిల నీళ్లు అందే ఊళ్లు కొన్ని, వానను, బోర్లను నమ్ముకున్న ఊళ్లు చాలా. డిగ్రీ అయిన కుర్రాడి కళ్ల ముందు కనిపించే మంచి ఉద్యోగం యూనిఫాం ఉద్యోగమే. అందుకే ఇటు ఆత్మకూరులో, అటు ఉదయగిరిలో చీకటి ఉండగానే గ్రౌండ్లలో పరుగులు మొదలవుతాయి. సాయంత్రం అదే పిల్లలు జిమ్‌లో కనిపిస్తారు. జిమ్‌లో నేర్పేవాళ్లకు కండ పెంచడం తెలుసు, గ్రౌండ్‌లో నేర్పేవాళ్లకు పరుగు తెలుసు. సాయంత్రం చేసిన పని మర్నాటి పరుగును ఏం చేస్తుందన్న లెక్క ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

మొదట్లో నాకు నేర్పిన పద్ధతి, ఇక చెయ్యి లేవదు అనేదాకా చేయడం. తేలిక డంబెల్స్ పట్టుకుని ముప్పై, నలభై సార్లు ఎత్తాలి. ఆగిపోయే సమయానికి పక్కనున్న అన్న మోచేతి కింద వేలు ఆసరా పెట్టి, "ఇంకొకటి అబ్బయా, ఇంకొకటి" అనేవాడు. కండ భగ్గుమనేది. ఆ మంట లాక్టిక్ యాసిడ్ అనీ, మర్నాటి నొప్పికి కారణం కూడా అదేననీ అందరం చెప్పుకునేవాళ్లం. తర్వాత చదివితే తెలిసింది, ఆ లాక్టేట్ గంట, గంటన్నరలో రక్తం లోంచి వెళ్లిపోతుంది. గుండె, మిగతా కండలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పితో దానికి సంబంధం లేదు.

మరి కండ ఎందుకు ఆగిపోతుంది? కండ పోగు ముడుచుకోవాలంటే దాని లోపల కాల్షియం విడుదల కావాలి. గుక్క తిప్పుకోకుండా పని చేయిస్తే శక్తినిచ్చే పదార్థం విరిగి ఫాస్ఫేట్ పేరుకుంటుంది. అది కాల్షియం విడుదలనూ, పోగుల పట్టునూ రెండింటినీ దెబ్బతీస్తుంది. తేలిక బరువుకు మొదట చిన్న పోగుల గుంపులే పనిలోకి దిగుతాయి. అవి అలిసేకొద్దీ పెద్ద గుంపులు దిగుతాయి. ఈ వరుసను కనిపెట్టింది ఎల్వుడ్ హెన్నెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. తేలిక బరువైనా చివరిదాకా ఎత్తితే కండ పెరగడానికి కారణం ఇదే. ఆ అన్న చెప్పింది అంతవరకు నిజం. అయితే ప్రతి సెట్టునూ అలా చివరిదాకా లాగినవాడు, ఇంకో రెండు మూడు సార్లు ఎత్తే ఓపిక ఉండగానే ఆపినవాడికంటే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తేరుకుంటాడు. సోమవారం ఛాతీకి చేసి బుధవారం మళ్లీ మొదలుపెడితే నాకు మొదటి సెట్టే తగ్గేది. దాన్ని బద్ధకం అనుకుని ఇంకో సెట్టు కలిపేవాణ్ణి. ఆ రెండు రోజుల ఆలస్యం సంగతి తెలిసి ఉంటే సెట్టు తగ్గించి ఉండేవాణ్ణి.

బరువులతో క్రమంగా బలం పెంచే పద్ధతికి వైద్యంలో చోటు తెచ్చినవాడు థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల చేత బరువులెత్తించి, వాళ్ల కాళ్లలో బలం తిరిగి రావడం చూసి 1945లో ఆ పద్ధతిని ప్రకటించాడు. మొదట్లో ఒక్కో కండకు డెబ్బై నుంచి వంద సార్లు ఎత్తించేవాడు. 1948 నాటికి ఇరవై, ముప్పై చాలునని తానే దాన్ని తగ్గించాడు. పదేసి చొప్పున మూడు సెట్లు అని ఈనాటికీ జిమ్‌లలో వినిపించే లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ లెక్క మా జిమ్‌కూ చేరింది. ఎక్కువ చేయించి చూసినవాడే తగ్గించాడన్న సంగతి మాత్రం చేరలేదు.

తర్వాత బరువు పద్ధతికి మారాను. భుజాల మీద పెద్ద బరువు, అయిదే సార్లు, మధ్యలో తీరిగ్గా విశ్రాంతి. మంట లేదు, మర్నాడు పెద్దగా నొప్పీ లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ పోటీలో ఒక్కొక్కరికి ఆరే ప్రయత్నాలు. బలమంటే ఇదీ, క్షణాల పని, అలుపెక్కడిది అనుకున్నాను. ఆ ఆరు ప్రయత్నాల కోసం పోటీకి ముందు రోజుల్లో ఎంత పని తగ్గించుకుంటారో నేను ఆలోచించలేదు.

నన్ను పరుగులో ఓడించింది ఈ పద్ధతి మిగిల్చిన అలుపే. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కండకు నరం నుంచి సంకేతాలు వరుసగా వస్తుంటాయి. ప్రాణం పెట్టి ఒక్కసారి ఎత్తేటప్పుడు అవి చాలా దట్టంగా వస్తాయి. నడకకు, మెట్లు ఎక్కడానికి, తీరిక పరుగుకు పలచగా వస్తాయి. రిచర్డ్ ఎడ్వర్డ్స్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు 1977లో ఒక సంగతి ప్రకటించారు. బాగా శ్రమించిన కండను దట్టమైన సంకేతాలతో కదిలిస్తే బలం త్వరగానే మామూలుకు వచ్చేది. పలచటి సంకేతాలతో కదిలిస్తే మాత్రం గంటల తరబడి, కొన్నిసార్లు మర్నాటికీ తక్కువ బలమే వచ్చేది. అప్పటికి నొప్పీ లేదు, మంటా లేదు. కాల్షియం విడుదల పూర్తిగా బాగుపడకపోవడమే దీనికి కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. దట్టంగా సంకేతాలు వచ్చినప్పుడు ఆ కొరత బయటపడదు. పలచగా వచ్చినప్పుడే బయటపడుతుంది.

నా సంగతి సరిగ్గా అదే. ఆ వారం స్క్వాట్‌లో నా పెద్ద బరువు తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి కాళ్లు సిద్ధంగా ఉన్నాయనుకున్నాను. పరుగుకు కావలసిన కాళ్లు వేరే అన్నట్టుగా ఉంది వ్యవహారం, అవే కాళ్లయినా. ప్రతి అడుగుకూ మామూలుకంటే ఎక్కువ పోగులను పనిలోకి దించాల్సి వచ్చింది. నాలుగు వందల మీటర్లదాకా అది తెలియదు. ఎనిమిది వందల తర్వాత తెలిసింది.

దీనికి తోడు నిద్ర. పొద్దున గ్రౌండు, సాయంత్రం జిమ్ము, రాత్రి పొద్దుపోయేదాకా అర్థమెటిక్, రీజనింగ్. ఇటలీ శరీర శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో వేలితో బరువు లాగించి అలుపును కొలిచే యంత్రం తయారుచేశాడు. 1891లో అలుపు మీద ఒక పుస్తకమే రాశాడు. విద్యార్థులకు వరసగా పరీక్షలు నిర్వహించి వచ్చిన తోటి అధ్యాపకుడి వేలు, కూర్చుని మాట్లాడటం తప్ప మరో పని చేయకపోయినా, మామూలుకంటే చాలా ముందే ఆగిపోవడం ఆయన గమనించాడు. తల అలిసినా కండ పని తగ్గుతుంది. మా పిల్లలు ఈ రెండు అలుపుల్నీ ఒకే రోజులో మోస్తారు.

ఉదయగిరి దుర్గం నాకు కండ అలుపులో మూడో రకాన్ని నేర్పింది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి పట్టుకున్న కోట అది. ఏడాదికి పైగా ముట్టడి వేస్తేగాని లొంగలేదంటే ఆ కొండ నిటారుతనం అర్థమవుతుంది. స్నేహితులతో పైకెక్కేటప్పుడు ఆయాసంతో ఆగి ఆగి ఎక్కాం. దిగేటప్పుడు ఆయాసమే లేదు, కబుర్లు చెప్పుకుంటూ దిగాం. కష్టమంతా ఎక్కడంలోనే అయిపోయిందనుకున్నాను. మర్నాడు పరవాలేదు. ఆ తర్వాతి రోజు మంచం మీంచి లేవబోతే తొడలు పట్టేశాయి, బస్సు మెట్లు దిగడానికి కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది.

దిగేటప్పుడు తొడ కండ బిగిసి ఉంటూనే సాగుతుంది, ఒళ్లు కింద పడిపోకుండా బ్రేకు వేస్తుంటుంది. ఈ పనికి కండ తక్కువ పోగులనే వాడుతుంది. పగ్గంలో కొన్ని పురులే బరువంతా మోసినట్టు ఆ కొద్ది పోగుల మీదే లాగు పడి, లోపల సన్నని చీలికలు వస్తాయి. వాపు, నొప్పి మెల్లగా మొదలై ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతాయి. ఆలస్యంగా వచ్చే ఈ నొప్పిని థియోడర్ హఫ్ అనే అమెరికన్ 1902లోనే వర్ణించి, కండ చిట్లడం వల్ల కావచ్చన్నాడు. జిమ్‌లో బరువును నెమ్మదిగా దించే పద్ధతి చేసేది కూడా ఈ పనే. ఆ పద్ధతి మంచిది, బలాన్ని ఇస్తుంది. కాకపోతే అందులో ఊపిరి ఆడకపోవడం ఉండదు, మంట ఉండదు. చేసేటప్పుడు తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కువ చేసేస్తాం. మూల్యం చెల్లించేది రెండు రోజుల తర్వాత.

అదే కొండ రోజూ ఎక్కి దిగే మేకల కాపరులకు ఏ నొప్పీ రాదు. వాళ్లు పుట్టుకతో గట్టివాళ్లని మేం అనుకునేవాళ్లం. అసలు కారణం మరొకటి. ఒకసారి ఇలాంటి పని చేసిన కండ, తేరుకున్నాక అదే పనిని మళ్లీ చేస్తే చాలా తక్కువ దెబ్బతింటుంది. ఆ రక్షణ వారాల తరబడి ఉంటుంది. మొదటిసారి చేసింది కొంచెమే అయినా ఆ రక్షణ వస్తుంది. కొత్త పని ఏదైనా మొదటి రోజు చాలా కొద్దిగా చేయాలనడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే రాబోయే సంగతి జరిగేది కాదు.

అది చెప్పేముందు ఉదయగిరి చెక్క పని గురించి చెప్పాలి. అక్కడ అడవి కొయ్యతో చేసే చెంచాలు, ఫోర్కులు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనిలో ఆడవాళ్లు ఎక్కువ. చేతిలో పట్టింది గ్రాముల్లో తూగే చెంచా. సాయంత్రానికి మెడ, భుజం, బొటనవేలి మొదలు లాగేస్తాయి. అంత తేలిక పనికి నొప్పేమిటని బరువులెత్తే నాలాంటివాడికి అర్థం కాలేదు. తేలిక పనికి దిగేది ఎప్పుడూ అవే చిన్న పోగుల గుంపులు. పని మొదలైనప్పుడు ముందు దిగేవి అవే, ఆగినప్పుడు చివర విశ్రాంతి దొరికేదీ వాటికే. స్వీడన్‌కు చెందిన యోరాన్ హెగ్ 1991లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చి, అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకునే కథలోని సిండ్రెల్లా పేరు ఆ పోగులకు పెట్టాడు. ఆ పనివాళ్లకు బరువు తగ్గించడం పరిష్కారం కాదు, తగ్గించడానికి బరువే లేదు. మధ్యమధ్య చేయి పూర్తిగా వదిలేసే తెరపి కావాలి. ముక్కకింత అని కూలి కట్టే చోట ఆ తెరపి ఎవరూ తీసుకోరు. నాకు ఇది బాధగా ఉంటుంది. జిమ్‌లో నాలుగు సెట్లు చేసి వచ్చి విశ్రాంతి గురించి మాట్లాడే మేము, ఇంట్లో ఆడవాళ్ల భుజం నొప్పిని అలుపు కింద లెక్కే వేయం.

ఆత్మకూరులో ధాన్యం బస్తాలు మోసే హమాలీ మామ ఒకాయన నా కొత్త జిమ్ ఒళ్లు చూసి ఒకరోజు అడిగాడు: "రేపు మళ్లీ మొయ్యగలవా అబ్బయా?" ఆయన రోజంతా మోస్తాడు. ఏ బస్తా దగ్గరా కాళ్లు వణికేదాకా పోడు. లారీ నిండడానికి ఎంతమంది కావాలో, ఎప్పుడు కూర్చోవాలో ముఠా మొత్తానికి తెలుసు. మర్నాటి కూలి ఇవాళే ఖర్చు చేసుకోకూడదన్నది వాళ్ల బతుకు నేర్పిన క్రమం. ఆ ప్రశ్నకు అప్పుడు నేను సమాధానం చెప్పలేదు.

ఇక నా రెండో తప్పు. మా చిన్నాన్న కొడుకు డిగ్రీ పరీక్షలు అయిపోగానే, "అన్నా, నన్నూ జిమ్‌కు తీసుకుపో" అన్నాడు. అప్పటికి వాడికి ఏ అలవాటూ లేదు. ఎండాకాలం. మొదటి రోజే నేను చేసేవన్నీ వాడిచేత చేయించాను. గుంజీలు వందల్లో, చేతులకు చివరిదాకా, బరువు నెమ్మదిగా దించడం, అన్నీ. వాడు ఆగినప్పుడల్లా నాకు ఎలా చెప్పారో అలాగే "ఇంకొకటి" అన్నాను. మర్నాడు వాడి చేతులు మడత పడలేదు, తొడలు ఉబ్బాయి. మొదటిసారి అంతేరా అన్నాను. ఆ సాయంత్రం నేనే దగ్గరుండి ఆర్‌ఎంపీ చేత నొప్పి సూది వేయించాను. మూడో రోజు పొద్దున వాడికి మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది.

నెల్లూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు రక్తంలో క్రియాటిన్ కైనేజ్ (సీకే) చూశారు. మామూలుగా కొన్ని వందలకు మించని ఆ అంకె వాడికి పదివేలు దాటిపోయింది. కండ పోగులు పగిలి, లోపలి మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరిందనీ, ఆ రంగు దానిదేననీ చెప్పారు. ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు అది మూత్రపిండాల సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది. నొప్పి సూది మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గించి ఆ దెబ్బను పెంచుతుంది. అంటే వాడి కండను పగలగొట్టిందీ నేనే, మూత్రపిండాల మీద రెండో దెబ్బ వేయించిందీ నేనే. రాత్రింబవళ్లు సెలైన్ ఎక్కించారు. మా చిన్నమ్మ వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని నన్ను ఒక్క మాటా అనలేదు. డయాలసిస్ దాకా పోకుండా వాడు బయటపడ్డాడు. కిడ్నీ జబ్బు అంటే ఉద్దానం గుర్తొచ్చే రాష్ట్రం మనది. ఉదయగిరి పక్క ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల భయం సరేసరి. ఆ భయాల మధ్య పెరిగి కూడా, వ్యాయామంతో మూత్రపిండాలు చెడగలవని నాకు తెలియదు.

ఇప్పుడు గ్రౌండ్‌కు వచ్చే పిల్లలకు నేను చెప్పే విధానం వేరు. జిమ్ మానేయమని చెప్పను, బరువులెత్తడం మంచిదే. పొద్దున ఒళ్లు వేడెక్కాక నిలబడి ఒక్క దూకు దూకమంటాను. ఎప్పుడూ పడే గీతకు బాగా ఇవతల పడితే నొప్పి లేకపోయినా కాళ్లు తేరుకోలేదని లెక్క, ఆ రోజు పని తగ్గిస్తాం. చివరిదాకా లాగే సెట్టు ఎప్పుడో ఒకటి, అదీ చేతులకు, ఛాతీకి. కాళ్లకు పెద్ద బరువు పడిన మర్నాడు వేగం పరుగు ఉండదు. ఈవెంట్స్ ముందు రెండు వారాల్లో చేసే పని పరిమాణాన్ని సగానికి దించి, వేగం మాత్రం అలాగే ఉంచుతాం. పరుగు తగ్గించి బరువులు ఉంచుకున్న నేను సరిగ్గా దీనికి తలకిందులు చేశాను.

జిమ్‌లో నేర్పే అన్నలకు, గ్రౌండ్‌లో చెప్పే సీనియర్లకు, బడిలో గుంజీలు శిక్షగా తీయించే మాస్టార్లకు నాదొక విన్నపం. కొత్తవాడి మొదటి రోజును మీ ఓపికతో కొలవకండి. శిక్షగా తీయించిన వందల గుంజీలు కూడా పిల్లల కండను ఇలాగే పగలగొట్టగలవు. శ్రమ తర్వాత కండ ఉబ్బి, భరించలేని నొప్పి ఉండి, మూత్రం ముదురు రంగులోకి మారితే నొప్పి సూది వేయించొద్దు, మాత్ర మింగించొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ వ్యాయామం ఎంత చేశాడో దాచకుండా చెప్పి, రక్తంలో సీకే, క్రియాటినిన్ పరీక్షలు చేయమని అడగండి.